మూడు కాళ్ళ ముసలి పిల్లి

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాణ్ని మనం మొండివాడంటాం. నాలుగు కాళ్ళ జంతువుకు మూడు కాళ్ళు ఉండడం అసంభవమన్న భావం ఆ సామెత వెనుక ఉన్నది. అయితే ప్రమాదం వల్లనో, శస్త్రచికిత్స వల్లనో ఒక కాలు పోయిన పిల్లి తక్కిన మూడింటితో నడుస్తుంది, పరుగెత్తుతుంది, తక్కువ ఎత్తులు ఎక్కుతుంది. ఇందులో వింత లేదు. ఆ పిల్లి ముసలిదై, కాలు పోవడానికి కారణం కాన్సరు అయితే మాత్రం సమస్య జటిలమవుతుంది. అప్పుడు దానిని ఎట్లా సాకాలి? బాధపడుతున్నదో లేదో ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం మూడూ అవసరమవుతాయి.

కుంటుకు కారణం

ఇంట్లో పెరిగే పిల్లి పది సంవత్సరాలు దాటితే వృద్ధాప్యంలో ప్రవేశించినట్లే. అట్టి పిల్లి ఒకనాడు వెనుక కాలు కుంటుతుంది. గోడ మీదినుంచి దూకినప్పుడు బెణికి ఉంటుందని మనం అనుకుంటాం. బెణుకైతే కొద్ది రోజులలో తగ్గాలి. తగ్గకపోగా కీలు దగ్గర గట్టి వాపు కనిపిస్తే ఎక్స్‌రే తీయించాలి. ఎముకలో పుట్టే కాన్సరులలో ముఖ్యమైనది ఆస్టియోసార్కోమా. ఎముకను నిర్మించే కణాలే అదుపు తప్పి విభజన చెందడం వల్ల ఇది కలుగుతుంది. ఆ కణాలు ఉన్న ఎముకను తినివేస్తూ, దాని స్థానంలో క్రమం లేని బలహీనమైన ఎముకను పోస్తాయి. చివరకు చిన్న గెంతుకే కాలు విరగవచ్చు. అట్లా విరిగిన ఎముక కట్టు కడితే అతకదు, ఎందుకంటే అతికించవలసిన కణాలే రోగగ్రస్తమైనవి. అందువల్ల కాలును పూర్తిగా తీసివేయడం తప్ప సాధారణంగా మార్గం ఉండదు.

ఇక్కడ పిల్లికీ కుక్కకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. కుక్కలలో ఈ జబ్బును కనుగొనే నాటికే నూటికి తొంబైకి పైగా సందర్భాలలో కాన్సరు కణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తుల వంటి చోట్లకు చేరి ఉంటాయి. పిల్లులలో అట్లా వ్యాపించేది పదింటిలో ఒకటి ప్రాంతం. కనుక కాలి ఎముకకు ఈ జబ్బు వచ్చిన పిల్లికి కాలు తీసివేస్తే, వేరే చికిత్స లేకుండానే రెండేళ్ళకు పైగా బతికే అవకాశం బాగా ఉన్నది. పన్నెండేళ్ళ పిల్లికి రెండేళ్ళు స్వల్పం కాదు.

అన్ని కంతులూ ఇటువంటివి కావు. సూది వేసిన చోట చర్మం కింద పుట్టే సార్కోమా ఒకటి ఉన్నది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పశువైద్యులు దీనిని 1991లో ప్రకటించారు. అది వేలాది టీకాలలో ఎక్కడో ఒకసారి వచ్చే జబ్బు. అది చుట్టూ ఉన్న కండరాలలోకి వేళ్ళు పాతుకొని పోతుంది. భుజాల నడుమ వస్తే పూర్తిగా కోసి తీయడం కష్టం. కాలిలో వస్తే కాలు తీసి పిల్లిని కాపాడవచ్చు. అందుకే టీకాలను భుజాల నడుమ గాక కాలి కింది భాగంలో వేయడం మేలని నిపుణులు సూచించారు. ఈ భయంతో రేబిస్ టీకా మానడం మాత్రం తగదు.

మరొక చిక్కు కాలివేళ్ళలో వచ్చే వాపు. ముసలి పిల్లికి వేలు వాచి, గోరు ఊడి పుండు పడితే, అసలు కాన్సరు ఊపిరితిత్తిలో ఉండి, దాని పిల్ల కంతి వేలికి చేరి ఉండవచ్చు. అప్పుడు వేలు తీసినా, కాలు తీసినా ప్రయోజనం లేదు. శస్త్రచికిత్సకు ముందు రొమ్ముకు ఎక్స్‌రే తీయడం, కంతి నుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించడం ఇందుకే. కాలు తీయాలా వద్దా అన్న ప్రశ్నకు ఈ రెండు పరీక్షలే చాలావరకు జవాబు చెబుతాయి.

మూడు కాళ్ళ లెక్క

నిలబడి ఉన్న పిల్లి బరువులో సగానికి పైగా ముందు కాళ్ళ మీదనే పడుతుంది. తల, మెడ ముందువైపున ఉండడమే దీనికి కారణం. లెక్క సులువు కోసం 4 కిలోల పిల్లికి ముందు కాళ్ళ మీద 2.4 కిలోలు, వెనుక కాళ్ళ మీద 1.6 కిలోలు పడుతున్నవనుకుందాం. అంటే ఒక్కొక్క ముందు కాలు 1.2 కిలోలు, ఒక్కొక్క వెనుక కాలు 0.8 కిలో మోస్తున్నాయి. ఒక వెనుక కాలు పోయినప్పుడు పిల్లి నిలబడే తీరు మార్చుకోకపోతే, మిగిలిన వెనుక కాలు 1.6 కిలోలు మోయాలి. భారం రెండింతలైంది. పిల్లి ఊరుకోదు. మెడను కొంచెం ముందుకు చాచి, బరువును ముందు కాళ్ళ వైపు మళ్ళిస్తుంది. మిగిలిన వెనుక పాదాన్ని శరీరపు మధ్యగీత వైపు జరుపుకొంటుంది.

ఎందుకు జరుపుకొంటుంది? ముక్కాలిపీట తీసుకోండి. దాని గరిమనాభి నుండి గీసిన నిలువు గీత మూడు కాళ్ళు ఏర్పరచే త్రిభుజంలో పడినంతవరకు పీట పడిపోదు. పిల్లి కూడా కాలు మధ్యకు జరిపి తన త్రిభుజాన్ని సరిచేసుకొంటున్నది. కాని నడిచేటప్పుడు ఒక కాలు ఎత్తక తప్పదు. మిగిలిన రెండు కాళ్ళ మీద త్రిభుజం ఏర్పడదు. ఆ క్షణంలో పిల్లి సైకిలు మాదిరిగా వేగం వల్లనే నిలుస్తుంది. అందుకే మూడు కాళ్ళ జంతువుకు మెల్లగా నడవడం కంటె చిన్న చిన్న గెంతులతో పోవడమే తేలిక. అది గెంతుతూ పోవడం చూసి బాధపడుతున్నదని అనుకోనక్కరలేదు. అయితే ఆ గెంతులు త్వరగా అలసట కలిగిస్తాయి.

ముందు కాలు పోయిన పిల్లికి కష్టం కొంత ఎక్కువ. ఎత్తునుంచి దూకినప్పుడు నేలను ముందుగా తాకేవి ముందు కాళ్ళే. దెబ్బను ఓర్చుకొనే ఏర్పాటు కూడా అక్కడే ఉన్నది. జంతుశాస్త్ర శాలలో పిల్లి అస్థిపంజరం ఉంటే విద్యార్థులు ఒకటి గమనించవచ్చు. ముందు కాలికీ మొండేనికీ నడుమ ఎముకల కీలు లేదు. మనకున్న జత్రుక పిల్లిలో సన్నని పుడక మాదిరిగా కండరాలలో తేలుతూ ఉంటుంది. కాలును మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే. కనుక శస్త్రవైద్యులు ముందు కాలును తరచు భుజఫలకంతో సహా తీసివేస్తారు. అది మిగిలితే చుట్టూ ఉన్న కండరాలు క్షీణించి, ఎముక అంచు చర్మాన్ని ఒరుసుకొంటుంది. వెనుక కాలునైతే తొడ ఎముక పైభాగంలో గాని, తుంటి కీలు వద్ద గాని తీస్తారు. మోకాలి దాకా మొండికాలు మిగల్చడం మేలని కొందరనుకుంటారు. అది నేలకు అందదు. పిల్లి దానిని వాడబోయి పుండు చేసుకొంటుంది.

తొలి రెండు వారాలు

చాలా పిల్లులు శస్త్రచికిత్స తరువాత ఒకటి రెండు రోజులలోనే లేచి నిలబడతాయి. కొత్త నడక అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. కుట్లు సాధారణంగా 10 నుండి 14 రోజులకు విప్పుతారు. అందాకా పిల్లిని ఒకే గదిలో ఉంచాలి. బల్లలు, కిటికీలు ఎక్కనీయరాదు. పిల్లి నాలుక ఆకురాయి వంటిది. కుట్లను నాకి ఊడదీసుకొంటుంది. అందుకు మెడకు గరాటు ఆకారంలో ఉండే పట్టీ కడతారు. గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడాలి. కొద్దిగా కమిలి ఉండడం సహజం. వాపు పెరగడం, చీము, రక్తం కారడం, దుర్వాసన కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపాలి. పసుపు, నూనె, ఆకుపసర్లు పూయరాదు. పూసినదంతా నాలుక ద్వారా కడుపులోకి పోతుంది.

తిండి విషయం ఇంకా ముఖ్యం. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి అయితే, శరీరంలోని కొవ్వు కాలేయంలోకి వరదలా వచ్చి పడుతుంది. కాలేయం దానిని జీర్ణించుకోలేక చెడిపోతుంది. కాన్సరు నుంచి బయటపడిన పిల్లి ఉపవాసం వల్ల చనిపోవచ్చునన్న మాట. తిండిని కొంచెం వెచ్చచేసి పెడితే వాసన పైకి లేచి ఆకలి పుడుతుంది. ఒక పూర్తి రోజు ఏమీ ముట్టకపోతే వైద్యునికి తెలియజేయాలి.

మూగబాధను చదవడం

పిల్లి తన బాధను దాచుకొంటుంది. చిన్న జంతువులను వేటాడే పిల్లి, పెద్ద జంతువులకు తానే ఆహారం కావచ్చు. బలహీనతను బయటపెట్టడం అట్టి జీవికి ప్రమాదం. అందువల్ల అరుపు కోసం ఎదురుచూస్తే మనకు ఏమీ తెలియదు. కెనడాలోని మాంట్రియాల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖాన్ని బట్టి బాధను కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. అందులో చూడవలసినవి అయిదు: చెవులు పక్కలకు తిరిగి వంగి ఉన్నవా, కళ్ళు సగం మూసి ఉన్నవా, మూతి బిగిసి ఉన్నదా, మీసాలు నిటారుగా బిగుసుకొని ఉన్నవా, తల భుజాల కంటె కిందికి వాలి ఉన్నదా. ఒక్కొక్కదానికి సున్న, ఒకటి, రెండు చొప్పున మార్కులు వేస్తారు. మొత్తం పదికి నాలుగు లేక అంతకు మించి వస్తే నొప్పి తగ్గించే మందు అవసరమని లెక్క. ఏ పరికరమూ అక్కరలేని కొలత ఇది. నిద్రపోయేటప్పుడు, తినేటప్పుడు మాత్రం వేయరాదు.

నొప్పి ఉన్నదని తెలిసిన వెంటనే మన అలమరలోని మాత్ర మీదకు చేయి పోతుంది. అక్కడే ప్రాణాపాయం పొంచి ఉన్నది. మనిషి తేలికగా మింగే పారాసెటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర, కొన్నిసార్లు అందులో సగం కూడా ప్రాణం తీయగలదు. దీనికి కారణం రసాయనశాస్త్రం చెబుతుంది. మన కాలేయం ఈ మందుకు గ్లుకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి, నీటిలో కరిగేటట్లు మార్చి, మూత్రంలోకి పంపివేస్తుంది. ఆ పని చేసే ఎంజైమును తయారుచేసే జీను పిల్లి జాతిలో చెడిపోయి, పనిచేయకుండా ఉన్నదని 2000లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. బయటకు పోలేని మందు విషపదార్థంగా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. ప్రాణవాయువును మోయలేని ఆ రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. పిల్లి చిగుళ్ళు పాలిపోయి లేక నీలిగా మారి, ఊపిరి అందక చనిపోతుంది.

ఈ లోపం వల్లనే ఆస్పిరిన్ కూడా పిల్లి శరీరంలో ఎంతోకాలం నిలుస్తుంది. నేల తుడిచే నల్ల ఫినాయిలులో ఉండే ఫినాల్ జాతి పదార్థాలు సయితం దానికి ప్రమాదకరమే. తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాకే పిల్లి ఆ విషాన్ని కొద్దికొద్దిగా తింటుంది. జబ్బు పిల్లి ఉన్న గదిని సబ్బునీటితో కడిగి, మంచినీటితో తుడిస్తే చాలు.

మరి నొప్పికి ఏమివ్వాలి? పశువైద్యులు బ్యుప్రినార్ఫిన్, గాబాపెంటిన్, మెలాక్సికామ్ వంటి మందులను బరువును బట్టి, మూత్రపిండాల స్థితిని బట్టి ఇస్తారు. కాలి నరాలను కోసేముందు వాటికి తిమ్మిరి మందు ఇవ్వడం కూడా ఉన్నది. కోసిన నరం నుండి మెదడుకు పోయే బాధాసంకేతాల ఉధృతి దానివల్ల తగ్గుతుంది. లేని కాలు నొప్పి పెడుతున్నదని మనుషులు చెబుతారు. పిల్లి చెప్పలేదు. కాలు ఉన్న చోటికి హఠాత్తుగా తిరిగి చూడడం, ఆ పక్కను ఆగకుండా నాకడం వంటివి కనిపిస్తే వైద్యునికి తప్పక చెప్పాలి.

వృద్ధాప్యం అనే రెండవ రోగి

కాలు తీసిన తరువాత మన దృష్టి అంతా గాయం మీద ఉంటుంది. కాని ముసలి పిల్లిలో కీళ్ళు, మూత్రపిండాలు కూడా అరిగి ఉంటాయి. అమెరికాలో 12 సంవత్సరాలు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించగా, 90 పిల్లులలో కీళ్ళ అరుగుదల కనిపించిందని 2002లో ప్రకటించారు. వాటిలో చాలా వాటిని చూసి ఆ సంగతి ఎవరూ పసిగట్టలేరు. నాలుగు కాళ్ళ మీద దాగిన అరుగుదల మూడు కాళ్ళ మీదికి వచ్చేసరికి బయటపడుతుంది. ఇట్టి కీళ్ళనొప్పికి నెలకొకసారి ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ అనే ఇంజెక్షనును అమెరికా ప్రభుత్వం 2022లో ఆమోదించింది. అది నొప్పిని ప్రేరేపించే ఒక ప్రోటీనును పట్టుకొని ఆపివేస్తుంది.

మన లెక్క మళ్ళీ గుర్తుచేసుకోండి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు లావెక్కితే అది శరీరంలో పదోవంతు. ఆ భారమంతా అరిగిన మూడు కాళ్ళే మోయాలి. అట్లాగని బరువు తగ్గినా సంతోషించరాదు. కోరకుండా తగ్గే బరువు కాన్సరు తిరిగి తలెత్తిందనడానికి గాని, మూత్రపిండాలు క్షీణిస్తున్నవనడానికి గాని గుర్తు కావచ్చు. కనుక పిల్లిని బుట్టలో కూర్చోబెట్టి వారానికొకసారి తూచి, అంకెను రాసి ఉంచాలి.

మన ఇళ్ళలో పిల్లికి పెరుగన్నం, పాలు పెట్టడం ఆనవాయితీ. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని అది తగినంతగా తయారుచేసుకోలేదు. మాంసం నుంచి, చేప నుంచి పొందాలి. అది లోపిస్తే కంటిచూపు పోతుంది. గుండె కండరం సాగి బలహీనమవుతుందని కూడా 1987లో నిరూపణ అయింది. ఉడికించిన కోడిమాంసం, చేప ముళ్ళు తీసి పెట్టవచ్చు. వాటిలో ఉల్లి, వెల్లుల్లి ఉండరాదు. అవి పిల్లి ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి. మాంసం ఒక్కటే పెట్టినా కాల్షియం వంటివి లోపిస్తాయి కనుక, సమతుల్యంగా తయారైన పిల్లి ఆహారమే రోజూ పెట్టడానికి తగినది. మూత్రపిండాలు చెడి ఉంటే ఆహారాన్ని వైద్యుడే నిర్ణయించాలి. నీటి గిన్నెలు పిల్లి పడుకొనే చోటికి దగ్గరగా రెండు మూడు చోట్ల ఉంచాలి.

ఇంటిని సర్దడం

నున్నని బండలు, టైల్సు మూడు కాళ్ళ పిల్లికి మంచుగడ్డ వంటివి. అది తిరిగే దారి పొడవునా గోనెపట్టాలు గాని, కింద రబ్బరు ఉన్న పట్టాలు గాని పరవాలి. ఉత్త చాప జారుతుంది. ఇసుక తొట్టికి అంచు ఎత్తుగా ఉంటే దాటలేక పిల్లి బయటనే మలవిసర్జన చేస్తుంది. దానిని కొట్టడం తప్పు. తొట్టి అంచు ఒక పక్కన రెండు అంగుళాలకు కోస్తే సరిపోతుంది. మంచం దగ్గర మెట్టుగా ఒక పెట్టె ఉంచితే, ఎక్కినప్పటి శ్రమా దూకినప్పటి దెబ్బా రెండూ తగ్గుతాయి.

వెనుక కాలు పోయిన వైపు చెవిని పిల్లి గోక్కోలేదు. ముందు కాలు పోయిన వైపు ముఖం కడుక్కోలేదు. ఆ పక్కను మెత్తని బ్రష్షుతో మనమే దువ్వాలి, తడిగుడ్డతో తుడవాలి. గోళ్ళు పెరిగి పాదంలో గుచ్చుకొంటాయి కనుక తరచు చూడాలి. వీధిలోకి వదలరాదు. కుక్క తరిమితే చెట్టెక్కే శక్తి దానికి ఇప్పుడు లేదు.

జబ్బు తిరిగి వస్తే

కాలు తీసిన తరువాత కొన్ని నెలలకొకసారి రొమ్ము ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయిస్తారు. కంతి రకాన్ని బట్టి కాన్సరు మందులు కూడా ఇస్తారు. పిల్లికి ఇచ్చే మోతాదులు మనుషులకు ఇచ్చేటంత తీవ్రంగా ఉండవు. ఉన్న రోజులు సుఖంగా గడపడమే అక్కడ లక్ష్యం. ఆ మందులు వాడేటప్పుడు ఇసుక తొట్టిని చేతితొడుగులు వేసుకొనే శుభ్రం చేయాలి. మన ప్రాంతంలో తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులు ఉన్నాయి. దగ్గరి వైద్యుని సలహాతో అక్కడికి తీసుకొనిపోవచ్చు.

జబ్బు ముదిరినప్పుడు ఇంకా ఎంతవరకు అన్న ప్రశ్న ఎదురవుతుంది. అమెరికా పశువైద్యురాలు ఏలిస్ విల్లలోబోస్ 2004లో దీనికొక కొలత సూచించారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజుల కంటె మంచి రోజులు ఎక్కువగా ఉండడం అనే ఏడు అంశాలకు ఒక్కొక్కదానికి పదేసి మార్కులు. నొప్పి అదుపులో ఉంటే ఎక్కువ మార్కులని గ్రహించాలి. మొత్తం 70కి 35 దాటి ఉంటే సంరక్షణ కొనసాగించవచ్చు. అంతకంటె తగ్గుతూ పోతే, బాధ లేకుండా ప్రాణం విడిపించే విషయం వైద్యునితో మాట్లాడాలి. ఇంట్లో అందరికీ అది కష్టమైన మాటే. ముఖ్యంగా పిల్లలకు ముందుగా చెప్పాలి. చెప్పకుండా ముగిస్తే వారికి దుఃఖంతో పాటు అనుమానం మిగులుతుంది.

ఈ పని విద్యార్థులు కూడా చేయగలరు. ఒక నోటుపుస్తకంలో తేదీ, బరువు, తిన్నది, ముఖానికి వేసిన మార్కులు, ఆ రోజు మంచిదా చెడ్డదా అన్న ఒక్క మాట, ఈ అయిదు గళ్ళు గీసి రోజూ నింపితే చాలు. రోజూ చూసే కంటికి నెమ్మదిగా వచ్చే మార్పు తెలియదు. నెల చివర అంకెలను వరుసగా చదివితే తెలుస్తుంది. వైద్యుని వద్దకు పోయినప్పుడు ఆ పుస్తకం చూపండి. మందు పెంచాలా, తగ్గించాలా అన్నది ఆయన ఆ గళ్ళను చూసి తేల్చగలరు.